ఒక పాడ్ ఎన్ని సిగరెట్లకు సమానం?

ప్రశ్న: నా వయసు 36 ఏళ్లు. పన్నెండేళ్ల పాటు రోజుకు పదిహేను సిగరెట్లు కాల్చాను. ఎనిమిది నెలల క్రితం పాడ్ (ద్రవం నింపే చిన్న డబ్బీ) రకం వేప్‌కు, అంటే ఈ-సిగరెట్‌కు మారాను. నేను నింపుకొనే ద్రవం సీసా మీద మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాముల నికోటిన్ అని ఉంది. 2 మిల్లీలీటర్ల పాడ్ నాకు ఒకటిన్నర రోజు వస్తుంది. స్నేహితులు కలిసినప్పుడు రెండు మూడు సిగరెట్లు కాల్చడం మాత్రం మానలేకపోయాను. ఒక స్నేహితుడు ‘ఒక పాడ్ అంటే నలభై సిగరెట్లు’ అని భయపెడుతున్నాడు. మరొకడు ‘నాలుగు సిగరెట్లకు మించదు’ అంటున్నాడు. ఎవరిది నిజం? నేను మునుపటికంటే ఎక్కువ నికోటిన్ తీసుకుంటున్నానా, తక్కువా? 20 నుంచి నేరుగా 3 మిల్లీగ్రాముల ద్రవానికి దిగితే మంచిదా? ఈ మధ్య ఉదయం కాఫీ తాగి వేప్ లాగితే గుండె దడదడలాడుతోంది. ఇంట్లో మూడేళ్ల పాప ఉంది, ఆ సీసాను చూస్తే నా భార్యకు భయం. ఆ భయంలో అర్థం ఉందా?

సమాధానం: మీ స్నేహితులిద్దరూ అబద్ధం చెప్పడం లేదు. ఇద్దరి భాగహారమూ సరిగానే ఉంది, దేన్ని దేనితో భాగించాలన్న దగ్గరే ఇద్దరూ దారి తప్పారు. మీ పాడ్‌నే తీసుకుందాం. మిల్లీలీటరుకు 20 చొప్పున 2 మిల్లీలీటర్లలో ఉన్నది 40 మిల్లీగ్రాములు. ఒక మామూలు సిగరెట్‌లోని పొగాకులో ఉండే నికోటిన్ సుమారు 10 నుంచి 14 మిల్లీగ్రాములు; అందులో కాల్చిన మనిషి రక్తంలోకి చేరేది సగటున 1 నుంచి 1.5 మిల్లీగ్రాములు. మొదటి స్నేహితుడు 40ని 1తో భాగించాడు కనుక నలభై సిగరెట్లు వచ్చాయి. రెండో స్నేహితుడు 40ని పదీ పన్నెండుతో భాగించాడు కనుక మూడో నాలుగో వచ్చాయి. మొదటివాడు పాడ్‌లో ఉన్నదాన్ని, సిగరెట్ నుంచి ఒంట్లోకి వెళ్లినదానితో పోల్చాడు. చెరువులో ఉన్న నీటిని పక్కవాడు తాగిన గ్లాసుతో కొలిచినట్టయింది. రెండోవాడు పాడ్‌లో ఉన్నదాన్ని సిగరెట్‌లో ఉన్నదానితో పోల్చాడు కాబట్టి న్యాయంగానే కనిపిస్తుంది కానీ, సిగరెట్‌లోని నికోటిన్‌లో పదో వంతు మాత్రమే మనిషికి చేరుతుందన్న సంగతి మరిచాడు.

ఆ మిగతా తొమ్మిది వంతులు ఎక్కడికి పోతాయో చూస్తే రెండింటికీ ఉన్న తేడా అర్థమవుతుంది. సిగరెట్ ముట్టించాక మీరు లాగినా లాగకపోయినా కాలుతూనే ఉంటుంది. దమ్ముకూ దమ్ముకూ మధ్య వేళ్ల సందున ఊరికే రగులుతున్నప్పుడు లేచే పొగ గదిలోకి పోతుంది. కొంత నికోటిన్ 800 డిగ్రీల సెల్సియస్ దాటే నిప్పు వేడికి రూపు మారి నశిస్తుంది, కొంత ఫిల్టర్‌లో, పారేసిన పీకలో ఉండిపోతుంది. వేప్‌లో కాలడం అన్నది లేదు. మీరు లాగినప్పుడు మాత్రమే కాయిల్ అనే తీగచుట్ట వేడెక్కి ద్రవాన్ని ఆవిరి చేస్తుంది, పెదవుల నుంచి తీయగానే ఆగిపోతుంది. అందుచేత ఉన్న నికోటిన్‌లో చాలా ఎక్కువ భాగం నోటిదాకా వస్తుంది. నికోటిన్ శరీరంలో ఎలా నడుచుకుంటుందన్న విషయాన్ని దశాబ్దాలుగా పరిశోధిస్తున్న కాలిఫోర్నియా శాస్త్రవేత్త నీల్ బెనోవిట్జ్ బృందం 2016లో ప్రచురించిన అధ్యయనంలో, వేప్ వాడేవారు లోపలికి పీల్చిన నికోటిన్‌లో 90 శాతానికి పైగా శరీరంలోనే నిలిచిపోయినట్టు తేలింది. అలాగని పాడ్‌లోని 40 మిల్లీగ్రాములూ మీ రక్తంలోకి చేరతాయనుకోవద్దు. కొంత ఆవిరి గొట్టంలోనే చల్లబడి చుక్కలుగా మారుతుంది, కొంత అడుగున కారుతుంది, ఊపిరితిత్తుల దాకా పోనివ్వకుండా నోటిలోనే ఉంచుకుని వదిలేసిన మబ్బుతో మరికొంత బయటికి పోతుంది.

ఇప్పుడు మీ లెక్క. ఒకటిన్నర రోజుకు 40 మిల్లీగ్రాములంటే, రోజుకు సుమారు 27 మిల్లీగ్రాముల నికోటిన్ ఉన్న ద్రవం ఖర్చవుతోంది. పైన చెప్పిన నష్టాలు పోను మీ ఒంటికి పట్టేది దానికంటే తక్కువ. పాత రోజుల్లో పదిహేను సిగరెట్ల నుంచి మీకు అందినది 15 నుంచి 22 మిల్లీగ్రాములు. కాబట్టి నా అంచనా ఏమిటంటే, మీరు ఇంచుమించు పాత చోటే ఉన్నారు. పాడ్‌కు నలభై సిగరెట్లన్న భయానికీ, నాలుగేనన్న ధీమాకూ ఆధారం లేదు.

పాత చోటే ఉండడం కాకతాళీయం కూడా కాదు. ఏళ్ల తరబడి నికోటిన్‌కు అలవాటుపడిన శరీరం తనకు కావలసిన మట్టాన్ని తానే వెతుక్కుంటుంది. రక్తంలోకి చేరిన నికోటిన్‌లో సగం సుమారు రెండు గంటల్లో ఖర్చయిపోతుంది. కాలేయం దానిలో అధిక భాగాన్ని కోటినిన్ అనే పదార్థంగా మారుస్తుంది. ఆ పని చేసే ఎంజైము పుట్టుకతోనే కొందరిలో చురుకుగా, కొందరిలో మందకొడిగా ఉంటుంది, అందుకే ఒకరికి గంటకొకటి కావాలి, మరొకరికి రోజుకు అయిదు సరిపోతాయి. మట్టం తగ్గిందని మెదడుకు తెలియగానే చేయి జేబులోకి వెళుతుంది. ఆ చేతికి దొరికేది సిగరెట్టా, పాడా అన్నది తరువాతి విషయం.

ఈ వెతుకులాట సంగతి తెలియకనో, తెలిసి కూడానో, ఒకప్పుడు ‘లైట్’ సిగరెట్లు అమ్మారు. పొగను కొలిచే యంత్రం నిమిషానికొకసారి, రెండు సెకన్ల పాటు, 35 మిల్లీలీటర్ల చొప్పున పీల్చేది. ఫిల్టర్ చుట్టూ కంటికి ఆనని సన్నని రంధ్రాలు పెడితే ఆ యంత్రంలోకి గాలి కలిసి, పొగ పలచబడి, కొలతలో తారూ నికోటినూ తక్కువగా కనిపించేవి. మనుషులు యంత్రాలు కారు కదా! వాళ్ల పెదవులు, వేళ్లు ఆ రంధ్రాలను మూసేశాయి, దమ్ము లోతుగా లాగారు, ఇంకొకటి ఎక్కువ కాల్చారు. ‘లైట్’, ‘మైల్డ్’ వంటి మాటలను సిగరెట్ పెట్టెల మీద వాడకూడదని అమెరికా 2010లో నిషేధించే నాటికి ఒక తరం ఆ మాటను నమ్మి కాల్చేసింది.

3 మిల్లీగ్రాములకు దిగడం గురించిన మీ ప్రశ్నకు సమాధానం ఇందులోనే ఉంది. 20 నుంచి ఒక్కసారిగా 3కి దిగితే మీ శరీరం అదే పని చేస్తుంది: దమ్ము పొడవవుతుంది, దమ్ముల మధ్య విరామం తగ్గుతుంది, పాడ్ పూటకే ఖాళీ అవుతుంది. లండన్‌లో లిన్ డాకిన్స్ అనే పరిశోధకురాలి బృందం 2018లో ప్రచురించిన అధ్యయనంలో, తక్కువ బలం ఉన్న ద్రవం ఇచ్చినప్పుడు వాడుకరులు ఎక్కువసేపు, ఎక్కువసార్లు లాగి, ఎక్కువ ద్రవం ఖర్చు చేశారు. అయినా కోల్పోయిన నికోటిన్‌ను పూర్తిగా రాబట్టుకోలేకపోయారు. పైగా ద్రవం ఎక్కువగా వేడెక్కే కొద్దీ పుట్టే ఫార్మాల్డిహైడ్ వంటివాటికి లోనుకావడం పెరిగింది. మీ వంటి చిన్న పాడ్‌లో 3 మిల్లీగ్రాముల ద్రవం తహతహను తీర్చలేదు. తీరని తహతహ ముందుగా వెళ్లేది స్నేహితుడి సిగరెట్ పెట్టె దగ్గరికే. కనుక దిగదలుచుకుంటే మెట్టు మెట్టుగా దిగండి. 20కి కాస్త తక్కువ బలం ఉన్నదాన్ని కొన్ని వారాలు వాడి, ద్రవం ఖర్చు పెరగలేదని, సిగరెట్ల సంఖ్య పెరగలేదని రూఢి చేసుకున్నాకే తరువాతి మెట్టు. ఈ రెండింటిలో ఏది పెరిగినా ఒక మెట్టు వెనక్కు రావడంలో తప్పేమీ లేదు.

ఇక్కడ సీసా మీది అంకెల గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే అవి తెలిసినవారిని కూడా తికమక పెడతాయి. 3 అన్న అంకె చిన్నదే గానీ, ఎక్కువ వాట్ల బ్యాటరీ, పెద్ద కాయిల్ ఉన్న పరికరంతో రోజుకు 10 మిల్లీలీటర్లు ఊదేసే మనిషి వాడుతున్నది 30 మిల్లీగ్రాములు, అంటే 20 రాసి ఉన్న మీ సీసా నుంచి మీరు వాడేదానికంటే ఎక్కువే. శాతాల్లో రాసినప్పుడు మరో చిక్కు ఉంది. 2 శాతం అంటే మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములని చాలాచోట్ల అర్థం. అయితే జూల్ అనే అమెరికా కంపెనీ పాడ్‌ల మీద 5 శాతం అని రాసింది బరువు లెక్కన. ఆ ద్రవం నీటికంటే బరువైనది కాబట్టి మిల్లీలీటరుకు లెక్కగడితే 50 కాదు, 59 మిల్లీగ్రాములు వస్తాయి. ఐరోపా సమాఖ్య 2014 నాటి ఆదేశంతో మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములకు మించకూడదని పరిమితి పెట్టింది. బలం, రోజువారీ ఖర్చు, ఈ రెండు అంకెలనూ గుణిస్తే తప్ప ఏ అంకెకూ అర్థం లేదు.

మొత్తం ఎంత అన్నదానితో పాటు ఎంత వేగంగా అన్నది కూడా చూడాలి, నా దృష్టిలో అదే ముఖ్యం. సిగరెట్ దమ్ములోని నికోటిన్ ఊపిరితిత్తుల నుంచి మెదడుకు 10 నుంచి 20 సెకన్లలో చేరుతుంది. దమ్ముకూ ఆ హాయికీ మధ్య వ్యవధి అంత తక్కువ కాబట్టే అలవాటు అంత గట్టిగా పడుతుంది. చర్మానికి అంటించే నికోటిన్ పట్టీ 21 మిల్లీగ్రాములను రోజంతా మెల్లగా ఎక్కిస్తుంది. మీ పదిహేను సిగరెట్లకు దరిదాపు మోతాదే అది. కానీ పట్టీకి బానిసై దాని కోసం అర్ధరాత్రి వెతుక్కునే మనిషి నాకింతవరకు కనబడలేదు.

చైనాకు చెందిన ఔషధ నిపుణుడు హోన్ లిక్ 2003 ప్రాంతంలో రూపొందించిన నమూనా నుంచి మొదలైన తొలితరం ఈ-సిగరెట్లు ఈ వేగంలో పూర్తిగా వెనుకబడ్డాయి. న్యూజిలాండ్‌లో క్రిస్ బులెన్ బృందం 2010లో ప్రచురించిన ఫలితాల్లో, సిగరెట్ కాల్చినవారి మిల్లీలీటరు రక్తరసంలో నికోటిన్ సుమారు 13 నానోగ్రాములకు చేరితే, 16 మిల్లీగ్రాములని రాసి ఉన్న ఈ-సిగరెట్‌తో చేరింది 1.3 మాత్రమే. ‘వేప్‌లో ఏముంది, ఉత్త ఆవిరే’ అన్న మాట ఆ రోజులది. తరువాత పరికరాల బలం పెరిగింది, వాటికంటే ముఖ్యంగా ద్రవం మారింది. శుద్ధమైన నికోటిన్‌కు క్షార గుణం ఉంటుంది, మోతాదు పెంచితే గొంతు మండుతుంది. దానికి బెంజోయిక్ ఆమ్లం వంటిది కలిపి లవణంగా మారిస్తే ఆ మంట తగ్గిపోయి, ఎంత గాఢమైనదైనా దగ్గు రాకుండా లోపలికి దిగుతుంది. 2015లో జూల్‌తో బాగా వ్యాపించిన ఈ ‘నికోటిన్ సాల్ట్’ ద్రవాలతోనే వేప్ వేగంలోనూ సిగరెట్‌ను సమీపించింది. మీ సీసా మీద కూడా ఆ మాట ఉందేమో ఒకసారి చూడండి. ఉంటే, మీరు సిగరెట్లను ఎనిమిది నెలల పాటు చాలా వరకు తగ్గించగలగడానికి కారణం అదే. పాడ్‌ను వదలలేకపోవడానికీ కారణం అదే కావచ్చు.

సిగరెట్‌కు ఒక ముగింపు ఉంటుంది. పది పదిహేను దమ్ములకు అది అయిపోతుంది, ఆర్పి పారేస్తాం, ఎన్ని కాల్చామో పెట్టె చెబుతుంది. పాడ్‌కు అటువంటి హద్దు లేదు. నా దగ్గరికి సలహా కోసం వచ్చిన ఒక యువకుడిని ‘రోజుకు ఎన్నిసార్లు లాగుతారు’ అని అడిగితే ‘పెద్దగా లేదండీ, అప్పుడప్పుడూ’ అన్నాడు. ఇరవై నిమిషాల మాటల్లో అతని కుడిచేయి మూడుసార్లు చొక్కా జేబు దాకా వెళ్లి, నన్ను చూసి వెనక్కు వచ్చింది. అతను అబద్ధమాడలేదు, అతనికి నిజంగానే తెలియదు. మీరు ఇక నుంచి పాడ్ నింపిన ప్రతిసారీ తేదీ, సమయం ఎక్కడైనా రాసిపెట్టండి. నిద్ర లేచాక ఎన్ని నిమిషాలకు తొలి దమ్ము లాగుతున్నారో కూడా రాయండి. ధూమపానానికి బానిసైన తీవ్రతను అంచనా వేసే ఫాగర్‌స్ట్రామ్ ప్రశ్నావళిలో అన్నిటికంటే బరువైన ప్రశ్నల్లో ఇదొకటి. లేచిన అయిదు నిమిషాల్లోపు అయితే అత్యధిక మార్కులు పడతాయి. సిగరెట్ల కోసం తయారైన ప్రశ్నే అయినా వేప్‌కూ పనికొస్తుంది. లాలాజలంలోనో మూత్రంలోనో కోటినిన్ పరీక్ష చేయించుకోవచ్చు గానీ, అది నికోటిన్ ఎంత వచ్చిందో చెబుతుందే తప్ప పాడ్ నుంచి వచ్చిందా, సిగరెట్ నుంచి వచ్చిందా అన్నది చెప్పదు.

గుండె దడకు కారణం నికోటినే అని మీరు నిర్ణయించుకున్నట్టున్నారు. కావచ్చు, నికోటిన్ గుండె వేగాన్ని, రక్తపోటును పెంచుతుంది, మోతాదు మించితే వికారం, తలతిరుగుడు, చెమటలు కూడా పడతాయి. అయితే కాఫీ పాత్రను మీరు లెక్కలోకి తీసుకోలేదు. సిగరెట్ పొగలోని కొన్ని పదార్థాలు, నికోటిన్ కాదు, కాలి పుట్టే రసాయనాలు, కాలేయంలో కెఫీన్‌ను విరగ్గొట్టే ఎంజైమును ఉరకలెత్తిస్తాయి. అందుకే పొగతాగేవారి ఒంట్లో కెఫీన్ త్వరగా ఖర్చవుతుంది. సిగరెట్లు బాగా తగ్గించి వేప్‌కు మారాక ఆ ఉరుకు తగ్గిపోతుంది, అంతకుముందు తాగినంత కాఫీయే తాగినా రక్తంలో కెఫీన్ ఎక్కువసేపు, ఎక్కువ మట్టంలో నిలుస్తుంది. వారం రోజులు కాఫీని సగానికి తగ్గించి చూడండి. అదే ఎంజైము మీద ఆధారపడే మందులు కొన్ని ఉన్నాయి. ఉబ్బసానికి వాడే థియోఫిలిన్, మానసిక వ్యాధులకు వాడే క్లోజపిన్, ఒలాంజపిన్ వంటివి మీరు వాడుతున్నట్టయితే సిగరెట్లు తగ్గించిన సంగతి వైద్యుడికి తప్పక చెప్పండి, మోతాదు మార్చవలసి రావచ్చు. కాఫీ తగ్గించినా దడ తగ్గకపోతే, లేదా ఛాతీలో నొప్పి, కళ్లు బైర్లు కమ్మడం ఉంటే వెంటనే వైద్యుణ్ని కలవండి.

మీరు అడగకుండా దాటేసిన విషయం ఆ రెండు మూడు సిగరెట్లు. నికోటిన్ లెక్క చూస్తే అవి అల్పమే. కానీ సిగరెట్ వల్ల కలిగే క్యాన్సర్లకు, ఊపిరితిత్తుల నాశనానికి ప్రధాన కారణం నికోటిన్ కాదు, పొగాకు కాలినప్పుడు పుట్టే తారు, అందులోని రసాయనాలు. గుండెకు చేటు తెచ్చేవాటిలో కార్బన్ మోనాక్సైడ్ ఒకటి. లయన్ షహాబ్ బృందం 2017లో ప్రచురించిన పరిశీలనలో, చాలాకాలంగా వేప్ మాత్రమే వాడుతున్నవారిలో నికోటిన్ ధూమపానులతో సమానంగా ఉన్నా, పొగాకుకు ప్రత్యేకమైన ఒక క్యాన్సర్ కారకపు ఆనవాలు 97 శాతం తక్కువగా ఉంది. వేప్‌తో పాటు సిగరెట్లూ కాల్చేవారిలో మాత్రం అటువంటి తగ్గుదల కనిపించలేదు. ఆ అధ్యయనంలోని వారు మీకంటే ఎక్కువ సిగరెట్లు కాల్చేవారై ఉండవచ్చు, అయినా రెండు పడవల మీద కాళ్లు పెట్టిన ప్రయాణంలో వేప్‌కు మారిన లాభం చాలావరకు నీటిపాలే. కనుక ముందుగా మానవలసింది ఆ రెండు మూడు సిగరెట్లను. పాడ్ బలం తగ్గించడం ఆ తరువాతి పని. వరుస తారుమారు చేసుకోకండి.

ఆ తరువాతి పనిని కూడా నిరవధికంగా వాయిదా వేయవద్దు. పీటర్ హాయెక్ బృందం ఇంగ్లండ్‌లో చేసి 2019లో ప్రచురించిన ప్రయోగంలో, ఈ-సిగరెట్ల సాయంతో సంవత్సరం తరువాత కూడా సిగరెట్‌కు దూరంగా ఉన్నవారు 18 శాతం. పట్టీలు, చూయింగ్ గమ్ వంటివాటి సాయంతో 9.9 శాతం. వేప్ పనిచేసిందని సంతోషించవచ్చు. కానీ అలా మానినవారిలో ఏడాది తరువాత ఈ-సిగరెట్ ఇంకా వాడుతున్నవారు 80 శాతం, రెండో వర్గంలో పట్టీలో గమ్మో ఇంకా వాడుతున్నవారు 9 శాతం. వేప్ ద్రవాలను దశాబ్దాల పాటు పీల్చిన తరం ఇంకా లేదు, కాబట్టి సిగరెట్‌తో పోలిస్తే హాని తక్కువ అన్న మాటను హాని లేదు అన్న మాటగా చదువుకోకూడదు. సిగరెట్లు పూర్తిగా ఆగి రెండు మూడు నెలలు గడిచాక, పాడ్‌ను వదిలించుకోవడానికి పట్టీ గానీ, వారెనిక్లిన్ వంటి మందు గానీ మీకు సరిపడుతుందేమో వైద్యుడిని అడగండి.

మీ భార్య భయంలో అర్థం ఉంది. మనిషి ప్రాణం తీయడానికి 60 మిల్లీగ్రాముల నికోటిన్ చాలునని పాఠ్యపుస్తకాల్లో చాలాకాలం తిరిగిన అంకెకు మూలం పంతొమ్మిదో శతాబ్దంలో కొందరు తమ మీద తాము చేసుకున్న నమ్మలేని ప్రయోగాలేనని, పెద్దవారికి ప్రాణాపాయ మోతాదు దానికి ఎన్నో రెట్లు ఉంటుందని ఆస్ట్రియాకు చెందిన బెర్న్డ్ మేయర్ 2014లో చూపించాడు. ఆ ఊరట పెద్దవారికే. మీ 10 మిల్లీలీటర్ల సీసా నిండుగా ఉంటే అందులో 200 మిల్లీగ్రాములుంటాయి, పండ్ల వాసన, తీపి రుచి ఉంటాయి. మూడేళ్ల పాప బరువుకు ఒకటి రెండు గుటకలు కూడా ప్రమాదమే. సీసాను, పాడ్‌ను, ఖాళీ అయిందనుకుని పారేసే పాడ్‌ను కూడా తాళం వేసే చోట ఉంచండి, పాప ఎదుట నింపకండి. ద్రవం చర్మం మీద పడితే వెంటనే సబ్బు నీళ్లతో కడగాలి, తడిసిన బట్టలు తీసేయాలి. పాప మింగిందన్న అనుమానం వస్తే వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా, లక్షణాలు కనిపించేదాకా ఆగకుండా, ఆ సీసాను చేత పట్టుకునే ఆసుపత్రికి వెళ్లండి. దాని మీది అంకె అక్కడి వైద్యుడికి అవసరమవుతుంది.